తోసేకొద్దీ బరువెక్కే బండి
(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యానించవలసిన వాక్యభాగములు: 1 తిమోతి 6:16, యోహాను 1:14

 

చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ మీలో చాలామందికి తెలుసు. అశోక్‌నగర్‌లో ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు కలిసి అద్దెకుంటూ, గ్రూప్స్ పరీక్షలకు చదువుకొనే యువతీ యువకులు పొద్దున్నే సంచులతో అక్కడికి చేరుతారు. మా సంఘములోని ఒక యువకుడు నాలుగేళ్లుగా అలాగే చదువుతున్నాడు. కొన్ని నెలలు ఆదివారము ఆరాధనకు రావడం మానేశాడు. ఒక సాయంకాలం లైబ్రరీ దగ్గర ఎదురైతే, ఇద్దరం టీ తాగడానికి నిలబడ్డాము. "ఏం బాబూ, కనబడటం లేదు?" అని అడిగాను.

"ఏ ముఖం పెట్టుకొని రమ్మంటారు అయ్యగారూ? మూడుసార్లు రాశాను. ఉపవాసమున్నాను, మ్రొక్కుకున్నాను, తెల్లవారుజామున లేచి మోకరించాను. నేనెంత దగ్గరకు వెళ్దామన్నా దేవుడు అంత దూరంగానే ఉన్నాడు" అన్నాడు.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. అతని చేతిలో జనరల్ సైన్సు పుస్తకముంది. వేలు పెట్టి ఉంచిన పేజీలో ఒక ప్రశ్న: ద్రవ్యరాశి ఉన్న వస్తువేదీ కాంతి వేగాన్ని ఎందుకు అందుకోలేదు? "ముందు ఇది నాకు చెప్పు" అన్నాను. అతడు చెప్పాడు, చక్కగా చెప్పాడు. దానినే నా మాటల్లో మీకు చెబుతాను.

కాంతి ఒక్క సెకనులో 2,99,792 కిలోమీటర్లు పోతుంది. ఇప్పుడు ఒక తోపుడుబండిని తలంచుకోండి. తోస్తే కదులుతుంది, ఇంకా తోస్తే ఇంకా వేగంగా పోతుంది. మన వీధులలో మనకు తెలిసిన లెక్క ఇదే. ఈ లెక్క చివరిదాకా నిలువదని 1905లో ఐన్‌స్టీన్ చూపించాడు. కాంతి వేగానికి దగ్గరయ్యేకొద్దీ, మీరు తోసిన తోపు వేగముగా మారదు. బరువై బండిమీదనే కూర్చుంటుంది. బరువు పెరిగిందనడం కంటే శక్తి పెరిగిందనడమే సరియైన మాట అని నేటి శాస్త్రజ్ఞులంటారు. ఎలా అన్నా బండి మొండికేయడం ఒక్కటే. దానిని కదిలించాలంటే మరింత తోయాలి, ఆ తోపూ మరింత బరువవుతుంది. కాంతి వేగాన్ని పూర్తిగా అందుకోవాలంటే అంతులేని శక్తి కావాలి. అది ఎవరి దగ్గరా లేదు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. మన నగరములోని క్యాన్సర్ ఆసుపత్రులలో రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్లున్నాయి. వాటిలో ఎలక్ట్రానును 60 లక్షల వోల్టులకు సమానమైన శక్తితో తోస్తే కాంతి వేగములో నూటికి 99.7 వంతులు అందుకుంటుంది. కోటిన్నర వోల్టులకు పెంచితే? రెండున్నర రెట్లు తోసినా 99.95 దగ్గరనే ఆగిపోతుంది. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగములో 2022లో ప్రోటానులను అంతకంటే లక్షల రెట్లు ఎక్కువ శక్తితో పరుగెత్తించారు. అవి కాంతికంటే సెకనుకు సుమారు 3 మీటర్లు మాత్రమే వెనుకబడ్డాయి. మనం నెమ్మదిగా పరుగెత్తే వేగమంత తేడా! ఆ కాస్త దూరాన్ని కూడా దాటలేకపోయాయి.

మరి కాంతి సంగతి? దానికి ద్రవ్యరాశి లేదు. అది మెల్లగా బయలుదేరి వేగము పుంజుకొన్నది కాదు. పుట్టినప్పుడే ఆ వేగముతో పుట్టింది. ఇంకొక వింత. మీరెంత వేగంగా దానిని తరిమినా, అది మీకు అదే వేగముతో దూరమవుతూ కనబడుతుంది.

ఆ మాట అనగానే అతడు ఆగిపోయి నా వైపు చూశాడు. ఇందాక తాను దేవుని గూర్చి చెప్పినది అదే కదా!

ప్రియులారా, దేవుని సంగతులను భౌతికశాస్త్రముతో రుజువు చేయాలని నా ఉద్దేశము కాదు. మనము చూచే కాంతి సృష్టింపబడినది, దేవుడు సృష్టికర్త. ఇది ఒక పోలిక మాత్రమే. దేవుడు ఎవరికీ చేరరాని వెలుగులో నివసిస్తాడని పౌలు తిమోతికి వ్రాశాడు. మన నీతి, మన మ్రొక్కులు, మన ఉపవాసములు అనే బండిని ఆయన వైపు తోస్తాము. తోసేకొద్దీ అవే బరువవుతాయి. ఇంత చేశానే అన్న అతిశయము ఒక బరువు. ఇంకా చాలలేదే అన్న భయము మరొక బరువు. సేవకులమైన మేమూ ఈ బండిని తోసినవారమే.

అయితే సూర్యుని చూడండి. 15 కోట్ల కిలోమీటర్ల దూరము. అక్కడికి మనం వెళ్లలేము. కాని ఆ వెలుగు 8 నిమిషాల 20 సెకనులలో అశోక్‌నగర్ ఇరుకు గది కిటికీలోకి వస్తుంది. ఎవరు తోస్తే వచ్చింది? వెలుగే దిగి వచ్చింది. యోహాను సువార్త మొదటి అధ్యాయము చెప్పేది ఇదే. మనము చేరలేని ఆ వెలుగు శరీరధారియై మన మధ్యకు వచ్చాడు. ఎఫెసీయులకు 2:8, 9 చదవండి. రక్షణ మన క్రియల ఫలితము కాదు, దేవుడిచ్చిన వరము.

అయితే చదవడం మానేయాలా? ఎంతమాత్రము కాదు. పరీక్షకు కష్టపడి చదవాలి. కాని ర్యాంకు సంపాదించినట్టు దేవుని ప్రేమను సంపాదించలేము. ర్యాంకు రాలేదని ఆ ప్రేమ తగ్గదు. "బాబూ, నీవు ఫలితము తీసుకొని రానక్కరలేదు, నీవు రా" అన్నాను. అతడేమీ అనలేదు. గ్లాసు కింద పెట్టి లైబ్రరీలోకి వెళ్లిపోయాడు.

రెండు వారాల తరువాత ఆదివారము చివరి బెంచీలో కూర్చున్నాడు. ఉద్యోగము ఇంకా రాలేదు. మీరూ ప్రార్థించండి.

వినుచున్న సహోదరీ, సహోదరుడా, నీవు తోస్తున్న బండి ఏమిటి? ఈ క్షణమున చేతులు తీసి, నాతో కలిసి తలవంచుము.

ప్రేమగల తండ్రీ, మేము రాలేని చోటనుండి నీవే మా యొద్దకు వచ్చినందుకు స్తోత్రము. అలసిన ప్రతి బిడ్డను, ముఖ్యముగా ఫలితముల కొరకు కనిపెట్టుచున్న యువతీ యువకులను, వారి తల్లిదండ్రులను నీ వెలుగులో విశ్రమింపజేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.