పాత చేవ్రాలు – కొత్త సందేహములు

ఆదివారమునాడు ఆబిడ్స్ వీధులలో మూసియున్న దుకాణముల ముందు, కాలిబాటలపై పాత పుస్తకములు పరచి అమ్ముట నగరవాసులెల్లరు ఎరిగినదే. అక్కడ కొనువాడు పుస్తకమును చేత బట్టును, పుటలు త్రిప్పును, అట్ట ఊడినదేమో చూచును, బేరమాడును. పిమ్మటనే డబ్బు చెల్లించును. నేడు పాత వస్తువుల బేరము కొంత అంతర్జాలమునకు చేరినది. అక్కడ కంటికి కనబడునది వస్తువు కాదు, దాని ఛాయాచిత్రము. పుస్తకమైనచో దీనివలన పెద్ద చిక్కు లేదు. కాని ప్రసిద్ధ క్రీడాకారుని చేవ్రాలైనచో విలువ యంతయు ఆ సిరా గీతలోనే యున్నది. ఆ గీత ఎవరి చేతిదో ఛాయాచిత్రము చెప్పలేదు.

ఇట్టి చేవ్రాళ్లపై మన నగరమునకు మక్కువ కలుగుట సహజము. ఆబిడ్స్‌కును నాంపల్లికిని చేరువనున్న ఫతే మైదానములో 1955 నవంబరులో భారత, న్యూజిలాండు జట్ల నడుమ టెస్టు పందెము జరిగినది. హైదరాబాదులో జరిగిన మొదటి టెస్టు అదియే. మన నగరమునకు చెందిన గులాం అహ్మద్ నాడు భారత జట్టు నాయకుడు. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకము సాధించిన తొలి భారతీయుడైనాడు. ఆ మైదానమే తరువాత లాల్ బహదూర్ స్టేడియమైనది. ఇక ఫుట్‌బాల్ ఆటలో, హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది. ఇట్టివారి చేవ్రాలు గల కాగితము అమ్మకమునకు వచ్చినదనిన ఆశ పుట్టనివారెవరు? ఆశ యున్నచోటనే మోసమునకు తావు.

ఆ మోసము ఎంతవరకు పోగలదో అమెరికా అనుభవము చూపినది. 1990ల చివర అక్కడి దర్యాప్తు సంస్థ యగు ఎఫ్.బి.ఐ. ‘ఆపరేషన్ బుల్‌పెన్’ అను పేరుతో విచారణ జరిపి, కాలిఫోర్నియాలో కూట సంతకములు వ్రాయు ముఠాను పట్టుకొన్నది. ఆ సరుకులో మదర్ థెరెసా చేవ్రాలు గల బేస్‌బాల్ బంతులు కూడ దొరికినవి! నకిలీ వస్తువులకు ధ్రువీకరణ పత్రములు సయితము జతపరచి అమ్మినారు.

కావున ధ్రువపత్రము చూపినంతనే నమ్మరాదు. దానిని మూడు ప్రశ్నలు అడుగవలెను. ఇచ్చినవారెవరు? వస్తువును చేత బట్టి చూచిరా, లేక చిత్రమును మాత్రమే చూచిరా? తప్పని తేలినచో డబ్బు తిరిగి యిత్తురా? అమ్మువాడే వ్రాసిచ్చిన పత్రము అతని మాటయే గాని వేరు సాక్ష్యము కాదు. మెరయు హోలోగ్రాము బిళ్ల, బిళ్ల అంటింపబడినదని మాత్రమే తెలుపును. నిజమైన నిపుణుడు చెప్పునది కూడ అభిప్రాయమే. మన సాక్ష్య చట్టము చేతివ్రాత నిపుణుని మాటను అభిప్రాయముగనే స్వీకరించును. నాంపల్లి న్యాయస్థానములలో సయితము అట్టి నిపుణుడు ఎదుటిపక్షపు ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవాడే.

అసలు కానివన్నియు మోసబుద్ధితో పుట్టినవి కావు. కొన్ని అచ్చువేసినవి, భూతద్దముతో చూచిన చుక్కలు కనబడును, కలపు ఒత్తిడి కనబడదు. కొన్ని రబ్బరు ముద్రలు. కొన్ని, జట్టులో ఒకరు తోటివారి పేర్లు కూడ తామే వ్రాసినవి. కూట చేవ్రాలులో మాత్రము గీత నెమ్మదిగా, జంకుతో సాగును. కలము అనవసరపు చోట ఆగును. ఏ మనుష్యుడును రెండుమారులు అచ్చముగ ఒకే తీరున సంతకము చేయడు. కనుక రెండు చేవ్రాళ్లు ఒకదానిపై నొకటి సరిగ్గా అమరినచో ఒకటి దిద్దినదని అనుమానింపవలెను.

తేదీలు కూడ మంచి సాక్షులు. పిన్ కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది. సి.కె. నాయుడు 1967 నవంబరులో మరణించినారు. ఆయన చేవ్రాలుతో పిన్ కోడు అచ్చైన లేఖాపత్రము కనబడినచో వేరు పరీక్ష అక్కరలేదు. బాల్ పాయింటు కలము విపణికి వచ్చినది 1940లలో. 1932 లార్డ్స్ టెస్టు నాటిదని చెప్పు కాగితముపై దాని గీత ఉండరాదు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చినవి. అంతకు ముందటి ఉత్తరముపై ఆ బిళ్ల ఉండదు. జయసింహ టెస్టులలో ప్రవేశించినది 1959లో. 1955 నాటి భారత జట్టు కాగితములో అతని పేరున్నచో కారణము అడుగవలెను.

అయితే ఈ పరీక్షలు నకిలీని పట్టగలవే గాని అసలును నిరూపింపలేవు. పాత పుస్తకపు ఖాళీ పుటను చించి, దానిపై నేడు సంతకము చేయవచ్చును. కాగితము వయస్సు సిరా వయస్సు కాదు. అందుచేత ఆ వస్తువు ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదను చరిత్రయే ప్రధానము. ఒక బాలుడు తేదీలు వేసికొని నింపిన పుస్తకములో ప్రసిద్ధులతో పాటు అంతగా పేరుపడని ఆటగాండ్ర చేవ్రాళ్లు కూడ ఉండును. లాభము లేని ఆ పేర్లను నకిలీ వ్రాయువాడు సాధారణముగ వ్రాయడు.

కొనదలచినవారు కాగితము వెనుకవైపును, ఏటవాలు వెలుతురులో తీసిన చిత్రమును కోరవలెను. వాపసు షరతును ముందే వ్రాతలో తీసికొని, రసీదును భద్రపరుపవలెను. మోసపోయినచో వినియోగదారుల సహాయమునకు 1915, అంతర్జాల ఆర్థిక మోసములకు 1930 అను ఫోను సంఖ్యలు కలవు.

ఇండ్లలో అట్టి పుస్తకములున్నవారికి ఒక మనవి. పుటలను విడదీయకుడు, ప్లాస్టికు పొరలో అతికింపకుడు, ఎండ తగులనీయకుడు. 1955లో ఫతే మైదానమున ఆట చూచిన బాలురకు నేడు ఎనుబది యేండ్లకు అటునిటుగ వయస్సు ఉండును. ఆ చేవ్రాలు ఎక్కడ, ఎన్నడు, ఎట్లు లభించినదో వారినడిగి నేడే వ్రాసి పెట్టుడు. ఏ సంస్థ అమ్ము ధ్రువపత్రము కంటెను ఆ నాలుగు పంక్తులకే విలువ యెక్కువ.