ఉప్పెన వెనుక ఉమ్మడి పని
(కర్షకుల సభలో జరిగిన యుపన్యాసము)



ఒక యింట నిప్పంటుకొన్నయెడల ఊరివారందఱును కడవలతో పరుగెత్తుదురు. ఉప్పెన వచ్చినపుడు ఊరంతయు నాపదలోనే యుండును. అట్టివేళ పొరుగువారి సాయమే ప్రాణాధారము. అయినను ఆ సాయము చేసినవారు మరలిపోయిన పిమ్మట పొలమును బ్రతికించుకొనవలసినవారు ఆ యూరివారే.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన కృష్ణా జిల్లాలోని దివిసీమపై తుపాను విరుచుకొనిపడెను. సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున లేచి పల్లెలను ముంచెను. ప్రభుత్వపు లెక్కప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. కోతకు వచ్చిన వరి ఉప్పునీట మునిగెను. విద్యార్థులు, సేవాసంఘములవారు వచ్చి, దిక్కులేని శవములకు దహనాదికములు చేసిరి. నటులు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గారలు జోలెపట్టి విరాళములు కూర్చిరి. రామకృష్ణ మిషన్‌వారు ఇండ్లు కట్టించిరి.

అన్నవస్త్రములను, ఇండ్లను పైవారు ఇయ్యగలరు. ఉప్పు పట్టిన నేలను బాగుచేయుట యెట్లు? మడికి గట్టు వేసి మంచినీరు నిలిపినచో ఉప్పు కరగును. ఆ నీటిని పలుమాఱులు వదలి, మరల పెట్టవలెను. వదలిన నీరు పోవుటకు మురుగుకాలువ తెఱచియుండవలెను. కాలువ పూడియున్నయెడల ఎగువవాడు వదలిన యుప్పునీరు దిగువవాని మడిలో నిలుచును. ఒకని శ్రమ మఱియొకనికి నష్టమగును. కావున పూడిక తీయుట కాలువ కొసనుండియే ప్రారంభింపవలెను. ఇది ఒక్కని వలన కాదు. ఇంటికొకరు చొప్పున పారలు పట్టవలెను. మగదిక్కు లేని యిండ్ల వంతు పనిని ఊరు మోయవలెను. పిమ్మట జీలుగ చల్లి, పూతకు ముందే కలియదున్నినచో నేలకు సత్తువ కలుగును.

అంతకు ముందే చచ్చిన పశువులను బావులకు దూరముగా లోతైన గోతులలో పూడ్చి సున్నము చల్లవలెను. బావులలోని యుప్పునీటిని తోడివేయవలెను. సాయమునకు వచ్చినవారికి ఏ పని యెచ్చట నున్నదో చూపుటకు ఊరిలో నిద్దఱు ముగ్గురు నియమింపబడవలెను. చూపువారు లేనిచో వచ్చినవారి పూనిక వృథాయగును.

చెరువుకట్టకు గండి పడు నూళ్లకును ఇదియే న్యాయము. పారలు, గంపలు, గోనెసంచులు ఎవరి యింట నెన్ని యున్నవో, ఎవరు ఏ పనికి రాగలరో వానకాలమునకు ముందే వ్రాసి యుంచుకొనుడు. గండి పడిన రాత్రి ఆ పట్టిక వ్రాయుటకు వ్యవధి యుండదు.