పని పోయినవారి ఆగ్రహం ఎటు మళ్లుతుంది?



పని పోవడమంటే కూలి ఆగడం ఒక్కటే కాదు. కిరాయి బాకీ పడుతుంది, కిరాణా కొట్టులో అప్పు పుట్టదు, బిడ్డ చదువు ఆగుతుంది. ఒక ఇంట్లో జరిగితే దానిని దురదృష్టమంటాము. లక్షల ఇళ్లలో ఒకేసారి జరిగితే అది రాజకీయమవుతుంది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో ఎన్నో యంత్రాలు ఆగాయి. ఆ ఏప్రిల్–జూన్ మాసాల్లో దేశ పట్టణ ప్రాంతాల నిరుద్యోగం సుమారు 21 శాతానికి చేరినట్లు ప్రభుత్వ సర్వేయే తేల్చింది. అదే కాలంలో రోగాన్ని వ్యాపింపజేసింది ముస్లిములేనన్న ప్రచారం సాగింది. అనేక చోట్ల మన తోపుడుబండ్ల వ్యాపారులను వీధుల్లోకి రానివ్వలేదు. విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారని ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం వ్యాఖ్యానించింది. కానీ అప్పటికే పూట గడవనివారి నష్టం జరిగిపోయింది.

ఇది కొత్త సంగతి కాదు. మహామాంద్య కాలంలో, 1932 నాటికి, జర్మనీలో నిరుద్యోగులు అరవై లక్షలకు చేరారు. 1928లో మూడు శాతం ఓట్లైనా రాని నాజీ పార్టీకి 1932 జూలైలో 37 శాతం వచ్చాయి. పని పోయినవారికంటే, తమ బతుకూ కూలుతుందని భయపడినవారే అటు ఎక్కువగా మొగ్గారని చరిత్రకారులు అంటారు. ఆ భయానికి యూదులను శత్రువులుగా చూపారు.

ఆగ్రహానికి మరో దారి కూడా ఉన్నదని మన జిల్లాయే చూపింది. ఏప్రిల్ 29న కందిలో ఐఐటీ నిర్మాణ కార్మికులు బకాయి కూలి, స్వస్థలాలకు ప్రయాణం కోరుతూ ఆందోళనకు దిగారు. ఘర్షణ జరిగింది, నిజమే. అయినా వారు నిలదీసింది పొరుగువానిని కాదు, తమకు జవాబు చెప్పవలసినవారిని. మే 1న సుమారు 1,200 మందితో లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు దేశంలో మొదటి శ్రామిక రైలు కదిలింది.

దస్త్రాల మధ్య ఉద్యోగకాలం గడిపినవాడిగా ఒక మాట మనవి చేస్తాను. కాగితం లేని కార్మికుడు కష్టకాలంలో లెక్కకు రాడు. 18 నుండి 60 ఏళ్ల లోపువారు ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణంలో పనిచేసివుంటే, సంక్షేమ మండలిలో నమోదుకు అర్హులు. కంపెనీలో కాంట్రాక్టు పనివారు పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు అడిగి తీసుకోవాలి. జుమా నమాజు తరువాత ప్రతి మసీదు వద్ద ఇద్దరు చదువుకున్న యువకులు కూర్చుని దరఖాస్తులు నింపాలి. బీహారు, ఒడిశా సోదరులు వచ్చినా, దళిత సోదరులు వచ్చినా వారివీ నింపాలి. నేడు దరఖాస్తు కోసం కలిసి కూర్చున్నవారిని రేపటి వదంతి అంత తేలికగా విడదీయలేదు.