కూలీ నుంచి ఆసామి దాకా

వేములవాడ పక్కనే ఉన్న సిరిసిల్లలో, సొంతంగా కొన్ని మరమగ్గాలు పెట్టుకున్న మనిషిని ఆసామి అంటారు. నేసే కార్మికుడి కంటే ఒక మెట్టు పైన, నూలు ఇచ్చే యజమాని కంటే ఒక మెట్టు కింద.

కార్మికుడికి నేసిన బట్టను బట్టి కూలి ముడుతుంది. షిఫ్టు దిగితే ఆ రోజుకు బాధ్యత తీరినట్టే. ఆసామికి అలా కుదరదు. యజమాని మీటరు లెక్కన ఇచ్చే డబ్బులోంచే కరెంటు బిల్లు, కార్మికుడి కూలి, అరిగిన సామాన్ల ఖర్చు, అప్పు మీద వడ్డీ పోవాలి. మగ్గం మొరాయిస్తే అర్ధరాత్రయినా ఆయనే లేచి రెంచీ పట్టాలి. నూలు రాని వారంలోనూ కిస్తీ ఆగదు. నలుగురిలో దక్కే గౌరవానికి ఇది చిన్న ధర కాదు.

2017లో రాష్ట్ర ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చాక ఏటా కొన్ని నెలలు చేతినిండా పని దొరికింది. అయితే సర్కారు ఒక్కదాన్నే నమ్ముకుంటే, బిల్లులు నిలిచినప్పుడు ముందుగా నలిగేది చిన్న ఆసామే.

సిరిసిల్లకే చెందిన చేనేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ వేరే దారి పట్టారు. ఆయన మగ్గం మీద నేసిన జీ-20 లోగోను 2022 నవంబరు ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రస్తావించారు. వేములవాడ రాజన్న పేరిట ‘రాజన్న సిరిపట్టు’ చీరలూ నేస్తున్నారు. ఈ దారిలో పేరు నేతగాడిదే, గిరాకీ వెతుక్కునే శ్రమా ఆయనదే.