పోరంబోకు భూమియు, మన ఊరి లెక్కయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాట్లాడవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత జంకితిని. నేను పండితుడను గాను. గురుముఖమున చదివినది లేదు. ఈ గ్రంథాలయమున ఆ మూల కిటికీ ప్రక్క బల్లపై కూర్చుండి, నిఘంటువు ఒక చేతను కావ్యము ఒక చేతను పట్టుకొని, తప్పు చదివి, ఆ తప్పును దిద్దుకొని నేర్చుకొన్నవాడను. వృత్తిచేత లెక్కలు వ్రాయువాడను. మా తాతగారు కరణీకము చేసిరి. ఆ పదవులు 1984లో రద్దయినవి గాని, ఆయన తన కొరకు వ్రాసికొన్న అడంగలు ప్రతులు మా ఇంటి అటుకపై మిగిలినవి. కవిత్వమును గూర్చి చెప్పుటకు నాకంటె తగినవారు ఈ వేదికపైననే కలరు. నాకు తెలిసినది దస్తరము. అందుండి ఒక్క మాటను తీసికొని, దానిని గూర్చి చెప్పి కూర్చుందును.

ఆ మాట పోరంబోకు.

ఇది తమిళమునుండి మన దస్తరములోనికి వచ్చినది. 'పుఱం' అనగా వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల నిలిచిన భూమి యని భావము. చెరువు, వాగు, డొంక, శ్మశానము, మందబయలు ఇట్టివన్నియు ఆ పట్టికలో చేరును. ఇంటిలో పిల్లవాడు పని లేక తిరిగినచో మనము అదే మాటతో తిట్టుదుము. శిస్తు కట్టని భూమికి పెట్టిన పేరు తుదకు తిట్టయి కూర్చున్నది. ఆ భూమియెడల మనకు గల గౌరవ మెంతయో దీనినిబట్టియే తెలియును.

మా తాతగారి ప్రతులలో చెరువు క్రింది మాగాణి ప్రతి సెంటునకు పద్దు కలదు. రైతు పేరు, పైరు పేరు, శిస్తు, అన్నియు కలవు. ఆ మాగాణికి నీరిచ్చు చెరువునకు ఎదురుగా మాత్రము విస్తీర్ణము వ్రాసి, శిస్తు గడిలో సున్న చుట్టినారు. చిన్ననాట నేను ఆ సున్నను చూచి, చెరువు వలన ఆదాయము లేదు గాబోలు ననుకొంటిని. నావలె అనుకొన్నవారు ఊరూరను ఉన్నారని తరువాత తెలిసినది.

మన పూర్వు లట్లు తలంపలేదు. సప్తసంతానములలో కొడుకుతో సమముగా తటాకమును, వనమును చేర్చినారు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించెను. అచ్చటి శాసనమున మంచి చెరువునకు వలసిన అంగములు పండ్రెండును, చెరువునకు గల దోషములు ఆరును లెక్కవేసి చెక్కించినారు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని కూడ వ్రాసినారు. ఆ శాసనమును గూర్చి చదివినప్పుడు, ఎవరో నావంటి లెక్కలవాడే దానిని దగ్గరనుండి వ్రాయించియుండునని నాకు తోచినది.

అంతకంటె నన్ను ఆకర్షించినది కౌటిల్యుని అర్థశాస్త్రములోని యొక విధి. క్రొత్తగా చెరువు కట్టినవానికి అయిదేండ్లు పన్ను మినహాయింపు. పాడుబడిన చెరువును బాగుచేసినవానికి నాలుగేండ్లు. పొదలు పెరిగి మూసికొనిపోయిన దానిని శుభ్రపరచినవానికి మూడేండ్లు. బాగుచేయుటకు, కట్టుటకు నడుమ వ్యత్యాసము ఒక్క యేడు మాత్రమే యని గమనింపుడు. నేడు క్రొత్తది కట్టినవానికి శిలాఫలకము దొరకును. పాతదానిలో తూటికాడ పీకినవానికి మోకాళ్ల నొప్పి మాత్రము దొరకును.

ఇక నా యింటి తప్పును మీ యెదుట చెప్పవలసియున్నది. చెప్పక ఈ ప్రసంగము చేయుటకు నాకు అర్హత లేదు.

మా మామిడితోట చెరువు ఎగువ అంచున నున్నది. మా తండ్రిగారి కాలమున వరుసగా వానలు తప్పినవి. చెరువు లోపలికి తగ్గినది. అంచున నేల బయటపడినది. ఒండ్రు నేల, నల్లగా, మెత్తగా నుండెను. అందు అరువది సెంట్లు కలుపుకొని, చిన్నరసాల అంట్లు నాటితిమి. వాగునీరు తోటలోనికి రాకుండ అడ్డముగా చిన్న కట్ట వేసితిమి. చుట్టును కంచె వేసితిమి. ఆనాడు నేను యువకుడను. గొలుసు పట్టి కొలిచినవాడను నేనే. శివాయిజమా క్రింద వ్రాయించుకొనవచ్చునని, పిదప పట్టా వచ్చునని మా తండ్రిగారికి ధైర్యము చెప్పినవాడను కూడ నేనే. మేము మొదటివారము గాము, కడపటివారము కూడ గాము. అయినను ఒకరి తప్పు మరియొకరి తప్పును కడుగదు.

తరువాత జరిగినది తోట లెక్కల పుస్తకమున కలదు. వానలు బాగుగా పడిన యేడు లోతట్టు వరుసలోని మొక్కల వేళ్లు నీట నిలిచి చచ్చినవి. వానలు లేని యేడు తోట మధ్యనున్న మా పాత బావి మాఘమాసములోనే అడుగంటినది. పూర్వము అది వైశాఖము దాటువరకు చేదినట్లు మా తాతగారి చేతివ్రాతయే సాక్ష్యము. చెరువు నిండక బావికి ఊట యెక్కడిది? మేము బోరు వేసితిమి. ప్రక్క తోటవారు మాకంటె లోతుగా వేసిరి. మరల మేము వారికంటె లోతుగా వేసితిమి. అరువది సెంట్లపై వచ్చిన కాయ విలువను ఒక ప్రక్కను, బోర్ల ఖర్చును ఒక ప్రక్కను వేసి కూడి చూచితిని. ఆ అంకె సభలో చెప్పుటకు సిగ్గగుచున్నది.

పుస్తకమునకు ఎక్కని నష్టములు వేరు. ఆ అంచున తుంగ యుండెడిది. లోతులేని ఆ తుంగలో కొర్రమీను పిల్లలను పెట్టెడిది. తల్లి తన పిల్లలగుంపు క్రింద కాపు కాయుట బాల్యమున మేమందరమును చూచినదే. నత్తలు తిను చిల్లుముక్కు కొంగలు దుక్కి వేళకు దిగెడివి. ఈతచెట్ల మట్టలతో కొందరు చాపలల్లి బ్రతికెడివారు. మేము కంచె వేసిననాడు వారిలో ఒక ముసలమ్మ వచ్చి, "బాబయ్యా, ఇక మట్టకు ఎటు పోదుము?" అని యడిగినది. నేను బదులు చెప్పలేదు.

మన ప్రాంతపు వాగులలో పెక్కింటి నీరు తమ్మిలేటి గుండను, రామిలేటి గుండను కొల్లేటికే చేరును. కావున ఆ సరస్సు కథ మనకు పరాయిది కాదు. ఒకప్పుడు వేలకొలది గూడబాతులు పిల్లలను లేపిన ఆ చోటును 1970ల దశకమున అవి విడిచిపోయినవి. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రాంసార్ ఒప్పందపు పట్టికలో చేర్చిరి. 2006లో ప్రభుత్వము చేపల చెరువుల గట్లను యంత్రములతో తెగగొట్టించెను. కొంత మేలు కలిగినది. ఆటపాకలో గూడబాతులు నేడు గూళ్లు పెట్టుచున్నవి. కాని తెంచిన గట్లలో కొన్ని మరల లేచినవి. గట్టు తెంచుట యంత్రమునకు చేతనగును. మరల వేయకుండ కావలి యుండుట యంత్రమునకు చేతకాదు.

ఆ కావలి పని చేసిన గ్రామములు కలవు. తమిళనాట చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్ రైతులు తమ చెరువులో గూళ్లు పెట్టు పక్షులను ఎవరును వేటాడరాదని, 1798 ప్రాంతమున కలెక్టరు లయనెల్ ప్లేసుచేత తమ హక్కును గుర్తింపజేసికొనిరి. పక్షుల రెట్ట కలిసిన నీరు పారిన పొలమునకు వేరే ఎరువు అక్కరలేదని వారికి అనుభవము. మన రాష్ట్రమున శ్రీకాకుళము సీమలోని తేలినీలాపురము, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు, హిందూపురము దగ్గరి వీరాపురము అట్టివే. వీరాపురమున కొంగలు ఊరి నడుమ చింతచెట్లపై గూళ్లు కట్టును. ఈ పక్షులు సైబీరియానుండి వచ్చునని మనవారు చెప్పుకొందురు. అది సరికాదు. గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును మన దేశముననే పుట్టి, మన దేశముననే నీటిని వెదకికొనుచు తిరుగునవి. దూరదేశపు అతిథులని గౌరవించుట మంచిదే గాని, అవి మన యింటి బిడ్డలని తెలిసికొనుట మరింత మంచిది. ఇంకొక మాట. ఉప్పలపాటి చెరువులో గూళ్లు ఎక్కువగా సర్కారు తుమ్మ చెట్లపైననే యున్నవి. ఆ చెట్టును నేనును మెచ్చను. అయినను బాగుచేయుట పేరిట ఒక్కమారుగా అంతయు నరికించు ఉత్సాహవంతులు గూళ్లు ఎక్కడ నున్నవో ముందుగా చూడవలెనని మనవి.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన కథకు వచ్చుచున్నాను. అనంతపురము సీమలో, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని చెన్నేకొత్తపల్లి వద్ద, 1990లో టింబక్టు కలెక్టివ్ అను సంస్థవారు 32 ఎకరముల బంజరు భూమిని తీసికొని, అగ్గి పడకుండ, గొడ్డు పోకుండ కాపాడి చూచిరి. మొక్కలు తమంతట తామే లేచినవి. వేళ్లు నేలలో చావక మిగిలియుండెనట. ఆ యనుభవముతో 1990ల తొలినాళ్లనుండి ముష్టికోవెల మొదలగు గ్రామములవారు తమ చుట్టునున్న గుట్టల బంజరును కాపాడ నారంభించిరి. అక్కడ పడు వాన సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. మనకు పడుదానిలో ఇంచుమించు సగము. అట్టి చోట 7,000 ఎకరములకు పైబడిన అడవి లేచినది. దానికి కల్పవల్లి యని పేరిడిరి.

వారు చేసిన పని వినుటకు చాల చిన్నది. వేసవికి ముందు గడ్డి కోసి అగ్గిబాటలు తీయుట. కావలివాండ్రను నియమించి, పొగ కనబడినచోటికి కొమ్మలతో పరుగెత్తి ఆర్పుట. విత్తులు చల్లుట. ఏది ఎప్పుడు కోయవచ్చునో ఊరివారే కూర్చుండి నిర్ణయించుట. మేతను మాన్పింపలేదు, కట్టుబాటు పెట్టిరి. బోదగడ్డి ఇంటికప్పునకు వచ్చినది. వాగుల వెంట ఈత చెట్లు గుంపులుగా లేచి, చీపుళ్లకు, బుట్టలకు, కల్లునకు ఆధారమైనవి. తోడేళ్లు తిరిగివచ్చినవి. దిగువ చెరువులకు నీరు చేరినది. మొక్కలు నాటు పండుగ ఒక దినమున ముగియును. ఇది ముప్పదియేండ్ల కాపుదల.

కాని నా వృత్తికి సంబంధించిన ముల్లు ఈ కథలోనే యున్నది. అడవి లేచినను దస్తరములో ఆ భూమి "బంజరు"గనే మిగిలినది. 2010 తరువాత గాలిమరల కొరకు ఆ గుట్టలను ఇచ్చివేసినప్పుడు, అక్కడ అడవి యున్నదనుటకు ఊరివారి మాట తప్ప కాగితము లేకపోయెను. గుట్టలు చెక్కి బాటలు వేసిరి. వివాదము జాతీయ హరిత న్యాయస్థానము వరకు నడిచినది. గాలి విద్యుత్తు వలదని నేననను. దానివలన దేశమునకు ప్రయోజనము కలదు. నన్ను బాధించినది ఆ గడిలోని మాట. వ్రాసిన చేయి ఎవరిదైనను, అది మా కులవృత్తి చేయి.

న్యాయస్థానములు, చట్టములు లేకపోలేదు. 2011 జనవరిలో, పంజాబులోని పటియాలా జిల్లా గ్రామమొకదాని చెరువును గూర్చిన జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున, గ్రామ ఉమ్మడి భూములనుండి ఆక్రమణలను తొలగింపవలెనని సుప్రీముకోర్టు అన్ని రాష్ట్రములకును చెప్పినది. దేశమున 2002లో చేసిన జీవవైవిధ్య చట్టముప్రకారము ప్రతి స్థానిక సంస్థకును ఒక యాజమాన్య సంఘ ముండవలెను. ఆ సంఘము ఊరివారినడిగి, ఊరి చెట్టు చేమలను, పశుపక్ష్యాదులను, వాటిని గూర్చి జనులెరిగిన సంగతులను ఒక పట్టికలో వ్రాయవలెను. చూచితిరా! సున్న చుట్టిన గడిని నింపుటకు ఊరికి చట్టమే కలము నిచ్చినది. పెక్కుచోట్ల ఆ పట్టికను పైవా రెవరో వచ్చి ఒక వారములో వ్రాసిపోయిరని వింటిని. అట్టి వ్రాతపై నాకు గురి లేదు. కొర్రమీను ఏ నెలలో పిల్లలను పెట్టునో వలవానికి తెలియును. ఏ మట్ట చాపకు వచ్చునో అల్లువారికి తెలియును. వారు చెప్పవలెను, మనము వ్రాయవలెను.

అందుకు నేను ఒక పుస్తకము రూళ్లు గీసి తెచ్చితిని. మొదటి గడి సర్వే నెంబరు. రెండవది పాత అడంగలు ప్రకారము విస్తీర్ణము. మూడవది నేడు కొలువగా తేలిన విస్తీర్ణము. పిదప అందు ఏమి పెరుగును, ఏమి బ్రతుకును, ఏ మాసమున కనబడును, చెప్పినవారెవరు. శిస్తు గడి లేదు. ఆక్రమణదారుల పేర్లు వ్రాయుటకు గడి పెట్టవలెనా యని చాల ఆలోచించితిని. పెట్టలేదు. ఎవరి సెంట్లు వారే వచ్చి చెప్పుకొనుటకు ఒక గడి మాత్రము పెట్టితిని. ఇది సాగునా యని కొందరు మిత్రులు నవ్విరి. సాగకపోవచ్చును కూడ.

మొదటి పద్దు మాది: అరువది సెంట్లు, మామిడి, చిన్నరసాలు. కంచె తీసివేసితిమి. వాగునకు అడ్డముగా వేసిన కట్టను పోయిన జ్యేష్ఠమాసమున నేనును మా తమ్ముడును కలిసి తెంచితిమి; మొన్నటి వానకు నీరు తన పాత దారినే వెదకికొని వచ్చినది. చెట్ల సంగతి ఇంకను ఇంటిలో తెగలేదు. వాటికి మా అమ్మగారు కడవతో నీరు మోసి పోసిరి. కాపు మీదనున్న చెట్టుపై గొడ్డలి యెత్తుటకు నాకును చేయి రాలేదు. చచ్చిన మొక్కల చోట మాత్రము తిరిగి నాటము. అక్కడ ఇప్పటికే తుంగ లేచుచున్నది.

పుస్తకము గ్రంథాలయమున, నేను చెప్పిన ఆ కిటికీ ప్రక్క బల్లపై నుండును. సాయంకాలము ఆరు గంటల నుండి ఎనిమిది వరకు నేనక్కడనే యుందును. వ్రాత రానివారు వచ్చి చెప్పినచో నేను వ్రాసిపెట్టుదును. ఈత మట్టలను గూర్చి అడిగిన ముసలమ్మ నేడు లేదు. ఆమె కోడలు రేపు వచ్చెదనన్నది.