సిబిల్ రిపోర్టులో తప్పు పడితే

సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) కొనాలన్నా, కోరుట్లలో ఇల్లు కట్టాలన్నా, అప్పు కోసం వెళ్తే బ్యాంకు మేనేజరు ముందుగా చూసేది సిబిల్ స్కోరు. అది 300 నుంచి 900 మధ్య ఉంటుంది. తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనబడినా, మనది కాని అప్పు మన పేరున చేరినా కొత్త అప్పు పుట్టడం కష్టం.

జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడి ఫోన్ నంబరు ఆగిపోతే బ్యాంకు మెసేజీలు అందవు, తప్పు పడినా తెలియదు.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మన అప్పులు, చెల్లింపుల లెక్క నమోదు చేసే సంస్థలు మన దేశంలో నాలుగున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఆ సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. అప్పిచ్చిన బ్యాంకుకూ నో డ్యూ సర్టిఫికెట్ నకలుతో కాగితం రాసిచ్చి, రసీదు తీసుకోండి.

ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ఇది. మన హక్కు, మొహమాటపడొద్దు. అప్పటికీ పలకకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 14448కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

నిజంగానే కిస్తీలు తప్పి ఉంటే మాత్రం ఆ నమోదును ఏ ఏజెంటూ చెరపలేడు. డబ్బు తీసుకుని స్కోరు పెంచుతామనేవాళ్లకు ఆధార్, ఓటీపీ ఇవ్వకండి. బాకీ కట్టి, తర్వాతి కిస్తీలు గడువులోగా చెల్లిస్తూ పోతే స్కోరు నెలల మీద మెల్లగా కోలుకుంటుంది.