సముద్రాన్ని చదివించే బడి



తుపాను రోజులలో ఈ మైకు ముందు కూర్చుని నేను చదివే మాట ఒకటి ఉన్నది. తీరం వెంబడి బలమైన గాలులు వీస్తాయి కనుక మత్స్యకారులు వేటకు వెళ్లరాదని చెప్పి, ఆ వెంటనే ఏ రేవులో ఎన్నవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారో చదువుతాను. ఒకనాడు మా చెల్లెలి కుమారుడు, అప్పుడు పదవ తరగతి విద్యార్థి, “మామయ్యా, మూడవ నంబరుకూ పదవ నంబరుకూ భేదమేమిటి?” అని అడిగాడు. ఇన్నేళ్లుగా చదువుతున్న నేను తడబడ్డాను. తరువాత తెలుసుకుని చెప్పాను. మూడవది రేవుకు ఈదురుగాలుల బెడద ఉన్నదని హెచ్చరిస్తుంది. పదవది తీవ్రమైన తుపాను రేవు మీదుగానో దాని సమీపానో తీరం దాటనున్నదని చాటుతుంది. వాని పాఠ్యపుస్తకాలలో ఈ సంగతి లేదు. నా చదువులోనూ ఉండినది కాదు.

ఇట్టి సంగతులనే పాఠాలుగా చెప్పే ఉన్నత పాఠశాల ఒకటి అమెరికాలోని న్యూయార్కు నగరంలో ఉన్నది. దాని పేరు న్యూయార్క్ హార్బర్ స్కూల్. ఇది ప్రభుత్వ పాఠశాల. 2003లో బుష్‌విక్ అనే పేటలో ప్రారంభమైనది. వింత ఏమిటంటే, రేవు పేరు పెట్టుకున్న ఆ బడికి దరిదాపులలో నీటిచుక్క లేదు. 2010లో అది రేవు నడుమనున్న గవర్నర్స్ ద్వీపానికి తరలిపోయినది. నాటినుండి పిల్లలు పడవ ఎక్కి బడికి పోతున్నారు.

అక్కడి పిల్లలు గణితం, చరిత్ర, భాష మొదలైన పాఠాలన్నీ అందరివలెనే చదువుతారు. వాటికి తోడు ప్రతివారికీ సముద్ర సంబంధమైన విద్య ఒకటి ఉంటుంది. తొమ్మిదవ తరగతిలో అన్నింటినీ కొద్దికొద్దిగా రుచి చూస్తారు. పదవ తరగతి నుండి ఒకదానిని ఎన్నుకుంటారు. ఒకరు పడవ నడపడం నేర్చుకుంటే, ఒకరు పడవ యంత్రాలు బాగుచేయడం నేర్చుకుంటారు. మరొకరు నీట మునిగి పనిచేసే విద్యనూ, ఇంకొకరు జలచరాల పెంపకాన్నీ అభ్యసిస్తారు. సముద్ర జీవశాస్త్ర పరిశోధనకూ, నీటి అడుగున తిరిగే యంత్రాల నిర్మాణానికీ కూడా అక్కడ చోటున్నది.

ఈ విద్యలన్నింటినీ ఒక్క తాటిపైకి తెచ్చినది ఒక చిన్న ప్రాణి: ఆల్చిప్ప. ముత్యాలనిచ్చేది కాదు, ఆహారానికి పనికివచ్చేది. ఒకప్పుడు న్యూయార్కు రేవు అడుగున ఆల్చిప్పలు గుట్టలు గుట్టలుగా ఉండేవి. మితిమీరి ఏరుకోవడం వలనా, నగరపు మురుగు వలనా అవి నశించిపోయాయి. 1927 నాటికి చివరి ఆల్చిప్పల పాతర సైతం మూతపడినది. ఎదిగిన ఆల్చిప్ప ఒకటి, పరిస్థితులు అనుకూలిస్తే, దినానికి 190 లీటర్ల వరకు నీటిని వడగట్టగలదు. కనుక వాటిని తిరిగి రేవులో నిలబెట్టాలనే సంకల్పంతో, 2035 నాటికి వంద కోట్ల ఆల్చిప్పలన్న లక్ష్యంతో ఒక ఉద్యమం 2014లో ఈ బడి ప్రాంగణం నుండి రూపుదిద్దుకున్నది.

పని ఎట్లా సాగుతుందో చూడండి. ఫలహారశాలలలో తినివేసిన చిప్పలను సేకరించి, ఏడాదిపాటు ఎండకూ వానకూ వదలివేస్తారు. శుభ్రపడిన ఆ చిప్పలపై, తొట్లలో పెంచిన ఆల్చిప్ప పిల్లలు అతుక్కుంటాయి. వాటిని పెంచేవారు జలచరాల తరగతి పిల్లలు. వాటిని ఉంచే ఇనుప పంజరాలు మరొక తరగతివారి చేతిపని. పడవ తరగతివారు వాటిని చేరవేస్తే, మునక నేర్చినవారు అడుగున అమర్చి వస్తారు. జీవశాస్త్ర విద్యార్థులు నీటిని పరీక్షించి, ఎన్ని బ్రతికాయో లెక్క వ్రాస్తారు. ఏ ఒక్కరు అశ్రద్ధ చేసినా తక్కినవారి శ్రమ వ్యర్థమవుతుంది. పరీక్షలో మార్కులు తగ్గడం వేరు, తాము పెంచిన ప్రాణి చచ్చిపోవడం వేరు. ఈ భేదం పదిహేనేళ్ల పిల్లలకు తెలిసివస్తుంది.

జపాను దేశంలో ఇట్టి మత్స్యవిద్యా ఉన్నత పాఠశాలలు పలు తీరాలలో ఉన్నాయి. పెద్ద శిక్షణ నౌకలపై పిల్లలు నడిసముద్రానికి పోతారు. ఈ విద్యలో అపాయం లేదని నేను చెప్పబోను. 2001 ఫిబ్రవరిలో హవాయి దీవుల సమీపాన, ఉవాజిమా మత్స్యపాఠశాలకు చెందిన ఎహిమె మారు అనే నౌకను నీటి అడుగునుండి పైకి వచ్చిన అమెరికా జలాంతర్గామి ఢీకొన్నది. తొమ్మండుగురు మరణించారు. వారిలో నలుగురు విద్యార్థులు. ఇంతటి దుఃఖం చూచిన తరువాత కూడా జపాను ఆ విద్యను విడిచిపెట్టలేదు. సముద్రం ఆధారంగా బ్రతికే జాతి సముద్రానికి వెరచి బిడ్డలను బడిలో కూర్చోబెట్టలేదు కదా!

మన సంగతి ఏమిటి? విశాఖ రేవు 1933లో తెరచుకున్నది. స్వతంత్ర భారతంలో తొలి పెద్ద నౌక ‘జల ఉష’ 1948లో విశాఖలోనే నీటిలోనికి దిగినది. కడలికి ఎంతో దూరమైన హైదరాబాదులో 1999 నుండి జాతీయ సముద్ర సమాచార కేంద్రం నడుస్తున్నది. చేపలు దొరకగల తావులను మత్స్యకారులకు తెలిపేదీ, సునామీ హెచ్చరికలు చేసేదీ అదే. పదవ తరగతి తరువాత ఓడలో సాధారణ నావికునిగా చేరడానికి ఆరు నెలల శిక్షణ ఉన్నది. ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారికి, 2008లో ఏర్పడిన భారత సముద్ర విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష జరుపుతున్నది. దాని ప్రాంగణం ఒకటి విశాఖలోనే ఉన్నది. దారులు లేవని కాదు. బడిలో వాటిని చూపించేవారు అరుదు.

మా మేనల్లుని కథ చెప్పి ముగిస్తాను. వాడు ఓడ అధికారి కావాలని ఇంటర్మీడియట్ రెండేళ్లూ కష్టపడి చదివాడు. తీరా వైద్యపరీక్షలో ఎరుపు ఆకుపచ్చలను వాని కన్ను సరిగా గుర్తించదని తేలినది. రాత్రివేళ ఓడకు ఎడమవైపున ఎర్రదీపం, కుడివైపున పచ్చదీపం వెలుగుతాయి. వాటిని బట్టియే ఎదుటి ఓడ ఎటు పోతున్నదో తెలుస్తుంది. కనుక ఆ లోపమున్నవారికి ఓడ నడిపే బాధ్యత అప్పగించరు. ఆ నియమం న్యాయమైనదే. కాని పదవ తరగతిలోనే ఒక్క పరీక్ష చేయించి ఉంటే ఆ విషయం తెలిసేది. ఏడాదిపాటు వాడు దిక్కుతోచక తిరిగాడు. సముద్ర జీవశాస్త్రమున్నది, జలచరాల పెంపకమున్నది, ఆ కన్నుతోనే చేయగల పనులు ఇంకెన్నో ఉన్నాయి. ఆ మాట చెప్పవలసిన మేనమామను నేను. నాకూ తెలియదు.

హార్బర్ స్కూల్ వంటిది రేపే మన తీరాన వెలుస్తుందని నేననను. కాని తీరప్రాంతపు ఉన్నత పాఠశాలలో వారానికి ఒక్క గంట ఆటుపోట్లకూ, తుపాను సూచికలకూ కేటాయించవచ్చును. ఒక వృద్ధ సరంగును పిలిచి పిల్లలతో మాట్లాడించవచ్చును. మత్స్యకారుని కుమారునికి గాలివాటమూ, నీటిరంగూ పుట్టుకతో తెలుసు. ఆ తెలివికి బడిలో విలువలేదని తోచిననాడే వాడు చదువుకు దూరమవుతాడు. వానికి తెలిసినదానినే పాఠంగా మలచగలిగితే వాడు తరగతిలో ముందు వరుసలో కూర్చుంటాడు.

ఈసారి నేను ప్రమాద సూచిక నంబరు చదివినప్పుడు, శ్రోతలారా, మీ ఇంటి పిల్లలను దాని అర్థమడిగి చూడండి. తెలియదంటే కోపగించకండి. ఇద్దరూ కలిసి తెలుసుకోండి.